రెండు పీపాలు, ఒక చెక్క

అమెరికాకు కొత్తగా వచ్చిన రోజులు మనలో ఎవరూ అంత తొందరగా మరచిపోరు. చేతిలో ఉద్యోగం ఉంటుంది, సంచిలో డిగ్రీలుంటాయి. అయినా క్రెడిట్ కార్డు ఇవ్వరు, కారుకి లోను ఇవ్వరు. అదేమంటే క్రెడిట్ హిస్టరీ లేదంటారు. అప్పు ఇస్తే కదా హిస్టరీ వచ్చేది, హిస్టరీ ఉంటే కదా అప్పు పుట్టేది! మన ఊళ్ళో అయితే మొహం చూసి, ఫలానావారి అబ్బాయి అని తెలుసుకుని చేబదులిచ్చేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. ఇక్కడ ఆ మొహాన్ని ఎరిగినవాళ్ళు ఎవరు?

ఇప్పుడు ఇంకొక సంగతి ఊహించండి. హిస్టరీ లేకపోవడమే కాదు, ఇల్లు కూడా లేదు. దుకాణం కాలిపోయింది. దుకాణం కాగితాలు, లెక్కల పుస్తకాలు, దాచుకున్న నాలుగు రాళ్ళు అన్నీ బూడిదయ్యాయి. భాష అంతంతమాత్రం. డబ్బు దాచిన బ్యాంకు మూతపడింది. 1906 ఏప్రిల్లో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో వేలాదిమంది ఇటాలియన్ వలసదారుల పరిస్థితి సరిగ్గా ఇదే. పొగ ఇంకా పూర్తిగా ఆరకముందే ఒక మనిషి రేవు దగ్గర రెండు పీపాల మీద ఒక చెక్క పరిచి, మొహం చూసి అప్పులివ్వడం మొదలుపెట్టారు. ఆయన పేరు అమెడియో పీటర్ జియానిని. ఆయన పెట్టిన బ్యాంకే తరువాతి కాలంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది. మనలో చాలామంది జీతాలు పడే ఖాతా వెనుక ఇంత కథ ఉందని నాకూ చాలాకాలం తెలియదు.

ఒక్క డాలరు తగాదా

జియానిని 1870 మే 6న పుట్టింది మన తెలుగువాళ్ళకు బాగా తెలిసిన శాన్ హోసేలోనే. తండ్రి లుయీజీ, తల్లి వర్జీనియా. ఇటలీలో జెనోవా నగరానికి దగ్గరలో కొండల మధ్య ఉన్న ఫవాలే ది మాల్వారో అనే పల్లె వాళ్ళది. బంగారం దొరుకుతుందన్న ఆశతో లుయీజీ కాలిఫోర్నియా వచ్చాడు. తిరిగి వెళ్ళి పెళ్ళి చేసుకుని, భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈ వరస మనకు కొత్త కాదు కదా! శాన్ హోసేలో కొంతకాలం ఒక చిన్న హోటలు నడిపి, తరువాత అల్విసో దగ్గర నలభై ఎకరాల పొలం కొని పళ్ళు, కూరగాయలు పండించసాగాడు. ఇప్పుడు 237 రోడ్డు పక్కన గాజు గోడల ఆఫీసులు కనిపించే ప్రాంతం అప్పట్లో తోటల సీమ.

అమెడియోకు ఆరేడేళ్ళ వయసులో ఆ ఇంటి మీద పిడుగు పడింది. కూలి డబ్బుల దగ్గర వచ్చిన తగాదాలో ఒక పనివాడు లుయీజీని కాల్చి చంపాడు. తగాదా ఒక డాలరు గురించేనని చెబుతారు. వర్జీనియాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. చంకలో ఒకడు, చేతికి ఒకడు, కడుపులో ఇంకొకడు. భాష తెలియని దేశంలో ఆ తల్లి పొలం వదలలేదు. పండినదాన్ని తానే పడవ మీద శాన్ ఫ్రాన్సిస్కో మార్కెట్టుకి పంపుకుంటూ పిల్లలను సాకింది. కొన్నేళ్ళకు లొరెంజో స్కాటేనా అనే బళ్ళు తోలే మనిషిని పెళ్ళాడింది. పిల్లలకు ఆయన సవతి తండ్రి అయినా, కన్నతండ్రిలాగే చూసుకున్నాడు.

జియానిని జీవితంలో తరువాత జరిగినవన్నీ చూస్తే, ఆ ఒక్క డాలరు తగాదా ఆయన మనసులో ఎక్కడో ఉండిపోయిందేమో అనిపిస్తుంది. డబ్బు చేతికి చిక్కితే చాలనుకునే వయసులో కూడా ఆయన డబ్బు పోగుచేసుకోలేదు. చిన్నవాడి డాలరును చిన్నచూపు చూడలేదు.

మండీలో నేర్చిన చదువు

1882లో కుటుంబం శాన్ ఫ్రాన్సిస్కోకు మారింది. స్కాటేనా అక్కడ కూరగాయలు, పళ్ళు కమీషను మీద అమ్మిపెట్టే వ్యాపారం పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే మండీ. లోయల్లోని రైతుల సరుకు రాత్రిపూట పడవల్లో రేవుకు చేరేది. తెల్లవారకముందే బేరాలు ముగిసిపోయేవి. కుర్రవాడైన అమెడియో అర్ధరాత్రి లేచి సవతి తండ్రి వెంట రేవుకు పోయేవాడు, పొద్దున్న బడికి వెళ్ళేవాడు. పదిహేనేళ్ళ ప్రాయానికి బడి మానేసి పూర్తిగా మండీలోనే కుదురుకున్నాడు.

పొడుగ్గా, దిట్టంగా, గంభీరమైన గొంతుతో ఉండే ఆ యువకుడు గుర్రబ్బండి మీదా, గుర్రం మీదా లోయలన్నీ తిరిగి రైతులతో బేరాలు కుదుర్చుకునేవాడు. ఎవరి పొలంలో ఏం పండుతుంది, ఎవరు మాట మీద నిలబడతారు, ఎవరు సరుకులో మోసం చేస్తారు, ఎవరి ఇంట్లో జబ్బులున్నాయి, ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఏ బ్యాంకు లెడ్జరులోనూ ఉండని లెక్కలవి. పంతొమ్మిదేళ్ళకే వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. 1892లో నార్త్ బీచ్‌లో ఆస్తిపరుడైన జోసెఫ్ క్యూనియో కూతురు క్లోరిండాను పెళ్ళాడాడు. 1901లో, ముప్ఫై ఒక్క ఏళ్ళ వయసులో, తన వాటాను తన దగ్గర పనిచేసేవాళ్ళకే అమ్మేసి వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. బతకడానికి సరిపడా సంపాదించానని అనుకున్నాడు.

అయితే మరుసటి సంవత్సరం మామగారు పోయారు. ఆయన ఆస్తి వ్యవహారాలు అల్లుడి మీద పడ్డాయి. దానితోపాటు కొలంబస్ సేవింగ్స్ అనే చిన్న బ్యాంకులో డైరెక్టరు కుర్చీ కూడా వచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

సారా దుకాణంలో బ్యాంకు

ఆ రోజుల్లో బ్యాంకులు పెద్దవాళ్ళ కోసమే ఉండేవి. చేపలమ్మేవాడు, రొట్టెలు కాల్చేవాడు, మంగలి, కూలి, వీళ్ళెవరికీ బ్యాంకు గుమ్మం ఎక్కే ధైర్యం ఉండేది కాదు. డబ్బు దాచుకోవాలంటే పరుపు కింద, అప్పు కావాలంటే వడ్డీవ్యాపారి దగ్గర. వీళ్ళకు చిన్న అప్పులిద్దామని జియానిని డైరెక్టర్లతో పోరాడారు. వాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన కోపంగా బయటికి నడిచి, తన సొంత బ్యాంకు పెట్టారు.

1904 అక్టోబర్ 17న వాషింగ్టన్ వీధి, కొలంబస్ అవెన్యూ కలిసే మూలన బ్యాంక్ ఆఫ్ ఇటలీ తెరుచుకుంది. అంతకుముందు అది సారా దుకాణం. ఆ దుకాణంలో మద్యం పోసే మనిషినే అసిస్టెంట్ టెల్లరుగా పెట్టుకున్నారని చెబుతారు. మొదటిరోజు వచ్చిన డిపాజిట్లు 8,780 డాలర్లు. వాటాలు కొన్నవాళ్ళలో చేపల వ్యాపారులు, కిరాణా దుకాణదారులు ఉన్నారు. జియానిని వీధుల్లో తిరుగుతూ, మనుషులను ఆపి, బ్యాంకులో డబ్బు దాచుకుంటే వడ్డీ ఎలా వస్తుందో ఇటాలియన్‌లో విడమరిచి చెప్పేవారు. బ్యాంకరు గిరాకీ కోసం వీధిలోకి రావడం ఆ కాలంలో మర్యాద తక్కువ పని. తోటి బ్యాంకర్లు ముక్కున వేలేసుకున్నారు. ఏడాది తిరిగేసరికి డిపాజిట్లు ఏడు లక్షల డాలర్లు దాటాయి.

బ్యాంకుకు సొంతంగా గట్టి ఇనప్పెట్టె లేదు. రోజూ సాయంత్రం నగదును దగ్గరలోని క్రాకర్ బ్యాంకు ఖజానాలో పెట్టి, పొద్దున్నే తెచ్చుకునేవాళ్ళు. ఈ చిన్న సంగతి తరువాత పెద్దదయింది.

తెల్లవారుజాము 5 గంటల 12 నిమిషాలు

1906 ఏప్రిల్ 18, బుధవారం. ఉదయం 5:12 గంటలకు శాన్ ఆండ్రియాస్ చీలిక వెంబడి సుమారు 477 కిలోమీటర్ల పొడవున నేల కదిలింది. తీవ్రత సుమారు 7.9 అని ఇప్పటి శాస్త్రజ్ఞుల అంచనా. కుదుపు నిమిషంలోపే ముగిసింది. అంతలోనే ఇటుక గోడలు కూలాయి, చిమ్నీలు విరిగిపడ్డాయి, నేలలోని నీటి గొట్టాలూ గ్యాస్ గొట్టాలూ తెగాయి.

దెబ్బ ఒక్క శాన్ ఫ్రాన్సిస్కోకే కాదు. శాంటా క్లారాలోని అగ్న్యూస్ మానసిక చికిత్సాలయం కూలి వందమందికి పైగా చనిపోయారు. తరువాతి కాలంలో సన్ మైక్రోసిస్టమ్స్ ప్రాంగణం వెలసింది ఆ స్థలంలోనే. మన మిత్రులెందరో అక్కడ ఉద్యోగాలు చేశారు.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, భూకంపం వెనకే మంటలు వచ్చాయి. ఆర్పడానికి గొట్టాల్లో నీళ్ళు లేవు. మంటలకు అడ్డుకట్ట వేద్దామని సైన్యం డైనమైట్‌తో ఇళ్ళను పేల్చింది, కొన్నిచోట్ల దానివల్లే కొత్త మంటలు రేగాయి. మూడు రోజులు పైగా నగరం కాలింది. సుమారు ఐదువందల బ్లాకులు, 28 వేల భవనాలు నాశనమయ్యాయి. నాలుగు లక్షల జనాభాలో రెండు లక్షల పాతికవేలమందికి నిలువనీడ లేకుండా పోయింది. చనిపోయినవాళ్ళు కొన్ని వందలేనని అప్పటి అధికారులు లెక్క చెప్పారు. తరువాత జరిగిన పరిశోధనల్లో ఆ సంఖ్య మూడువేలు దాటి ఉంటుందని తేలింది. వ్యాపారాలు పారిపోతాయన్న భయంతో చావుల లెక్క తగ్గించారంటే, భయం ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది.

జియానిని కుటుంబం అప్పుడు నగరానికి 17 మైళ్ళ దక్షిణాన శాన్ మాటియోలో ఉంటోంది. కుదుపుకి లేచి, భార్యాపిల్లలు క్షేమంగా ఉన్నారని చూసుకుని, ఆయన రైలు కోసం పరుగెత్తారు. రైలు కొంతదూరమే వెళ్ళింది. అక్కడి నుంచి కాలినడకన బయలుదేరారు. రోడ్డంతా మూటలు మోసుకుని ఊరు వదిలిపోతున్న జనం ఎదురవుతుంటే, ఆయన ఒక్కరూ ఊళ్ళోకి నడిచారు. మామూలుగా అరగంట పట్టే ప్రయాణానికి మధ్యాహ్నం కావచ్చింది.

నారింజ పెట్టెల కింద బంగారం

బ్యాంకుకు చేరేసరికి ఆయన కనులారా చూసింది నమ్మశక్యం కాని దృశ్యం. బ్యాంకు తెరిచే ఉంది! ఉద్యోగులు యథాప్రకారం పొద్దున్నే క్రాకర్ ఖజానా నుంచి నగదు తెచ్చి, తలుపులు తెరిచి కూర్చున్నారు. బంగారం, వెండి నాణేలు కలిపి సుమారు 80 వేల డాలర్లు. డిపాజిటర్లకు ఇవ్వవలసిన మొత్తం ఎనిమిది లక్షలకు పైమాటే. అంటే ప్రతి పది డాలర్ల బాకీకి చేతిలో ఒక డాలరు.

మంటలు ఎటువైపు కదులుతున్నాయో జియానిని ఒకసారి వెళ్ళి చూసి వచ్చారు. బ్యాంకు నిలవదని తేల్చుకున్నారు. ఇక్కడ ఆయనకు పాత మండీయే అక్కరకొచ్చింది. సవతి తండ్రి కంపెనీ నుంచి రెండు కూరగాయల బళ్ళు తెప్పించి, నాణేల సంచులు అడుగున వేసి, పైన నారింజ పెట్టెలు పేర్చారు. దోపిడీల భయంతో చీకటి పడేదాకా ఆగి, రాత్రంతా ప్రయాణించి శాన్ మాటియో చేరారు. డబ్బును ఇంట్లో చలిమంట గూడు కింద బూడిద గుంటలో దాచారు. ఆ తరువాత కొన్ని వారాలపాటు బ్యాంకు ఇచ్చిన డబ్బుకు నారింజ వాసన వచ్చేదట. ఆ రాత్రి బ్యాంకు భవనం కాలిపోయింది.

మిగిలిన పెద్ద బ్యాంకుల డబ్బు ఏమయింది? ఖజానాల్లో భద్రంగానే ఉంది, కానీ అక్కరకు రాలేదు. ఉక్కు తలుపులు నిప్పులా కాలుతున్నాయి. చల్లారకముందే తెరిస్తే లోపలికి గాలి తగిలి నోట్లు, దస్తావేజులు భగ్గున మండిపోయే ప్రమాదం ఉంది. అందుకని వారాల తరబడి ఆగవలసి వచ్చింది. గవర్నరు బ్యాంకులకు సెలవులు ప్రకటించారు. బ్యాంకర్లు సమావేశమై కొన్ని నెలలపాటు మూసి ఉంచడమే క్షేమమని మాట్లాడుకున్నారు. లెక్కల ప్రకారం అది తప్పు కాదు. జియానిని మాత్రం ఒప్పుకోలేదు. కొన్ని నెలలు ఆగితే తెరవడానికి బ్యాంకులుంటాయి గానీ, వాటిలో డబ్బు వేయడానికి ఊరు ఉండదని ఆయన భయం.

సగం సూత్రం

కొద్దిరోజుల్లోనే వాషింగ్టన్ వీధి చివర రేవు దగ్గర జియానిని దుకాణం పెట్టారు. రెండు పీపాలు, వాటి మీద అడ్డంగా ఒక చెక్క. పక్కన ఒక సంచి నాణేలు, ఒక బ్యాంకు బోర్డు. డాక్టరైన తమ్ముడు అట్టీలియో ఇంట్లో మరో ఆఫీసు తెరిచారు. లెక్కల పుస్తకాలు సరిగ్గా లేవు. అప్పు అడిగేవాళ్ళ దగ్గర తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. ఒక సంతకం, కొందరి విషయంలో సంతకం కూడా రాక వేసిన గుర్తు. పూచీ అల్లా జియానినికి ఆ మనిషి తెలిసి ఉండటమే. పదిహేనేళ్ళపాటు మండీలో నేర్చిన లెక్కలు ఇప్పుడు ఉపయోగపడ్డాయి. ఆయన మనుషుల చేతులు చూసేవారని, కాయలు కాసిన చేతులకు అప్పిచ్చేవారని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఆ పీపాల దగ్గర జరిగిన పనుల్లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆయన పెట్టుకున్న ఒక నియమం. వచ్చినవాళ్ళు ఇల్లు కట్టుకోవడానికి ఎంత అడిగితే అందులో సగమే ఇచ్చేవారు. మిగతా సగం ఎలాగో ఒకలా మీరు సమకూర్చుకోండి, పనికి దిగండి అని పంపేవారు.

పైకి ఇది పిసినారితనంలా కనిపించవచ్చు. చేతిలో ఉన్నది తక్కువ కాబట్టి నలుగురికీ సర్దడం ఒక కారణం. అయితే ఇంకో కారణం కూడా ఉంది. బ్యాంకులంటే భయపడే వలసదారులు పరుపుల్లోనూ, డబ్బాల్లోనూ బంగారు నాణేలు దాచుకున్నారని ఆయనకు తెలుసు. ఊరు మళ్ళీ లేస్తుందో లేదో తెలియని స్థితిలో ఆ డబ్బు బయటికి రాదు. తమ మీద నమ్మకంతో ఒకడు తన సగం ముందు పెడితే, దాచుకున్న రెండో సగం కదులుతుంది. చుట్టాల దగ్గరో, దోస్తుల దగ్గరో ఇంకొంత పుడుతుంది. అలాగే జరిగింది. జనం దాచినది తెచ్చి పెట్టడమే కాదు, కొందరు బ్యాంకులోనే జమ చేయడం మొదలుపెట్టారు. కొద్దివారాల్లో తీసుకునేవాళ్ళ కన్నా వేసేవాళ్ళే ఎక్కువయ్యారు.

డబ్బు ఒక్కటే చాలదు కదా, కట్టడానికి కలప కావాలి. ఓడల కెప్టెన్లకు డబ్బిచ్చి ఉత్తరాన వాషింగ్టన్, ఆరెగాన్ తీరాల నుంచి కలప తెమ్మని జియానిని పంపారు. అందరూ కలప కోసం ఎగబడే రోజుకు నార్త్ బీచ్ వాళ్ళ కలప రేవులో దిగింది. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు మన పెద్దలు. మామూలు రోజుల్లోనే అంత కష్టమైన పని, బూడిద గుట్టల మధ్య మొదలైంది. నగరంలో అందరికన్నా ముందు లేచి నిలబడ్డ పేటల్లో ఇటాలియన్ల నార్త్ బీచ్ ఒకటి. ఆ రోజుల్లో చేతిమాట మీద ఇచ్చిన అప్పులన్నీ తిరిగి వచ్చాయని జియానిని తరువాత గర్వంగా చెప్పుకునేవారు.

ఊరికే ధైర్యం చెప్పి పంపితే ఆ మనిషి ఇంటికి వెళ్ళేలోపు ఆ ధైర్యం కరిగిపోతుంది. మొత్తం ఇచ్చేస్తే అది దానం అవుతుంది, పుచ్చుకున్నవాడు తల దించుకుంటాడు. సగం ఇస్తే? ఆ మనిషి చేయగలడని ఎదుటివాడు నమ్మినట్టు. మిగిలిన సగం తనవల్ల అవుతుందని తాను నమ్మవలసి వచ్చినట్టు. సర్వం కోల్పోయినవాడికి డబ్బు కన్నా ముందు కావలసింది ఆ నమ్మకమే అనుకుంటాను.

ఆ తరువాత

భూకంపం నేర్పిన పాఠాన్ని జియానిని మరచిపోలేదు. చేతిలో నగదు లేని బ్యాంకు ఎంత భయపడుతుందో ఆయన చూశారు. 1907 మొదట్లోనే గడ్డురోజులు రాబోతున్నాయని పసిగట్టి బంగారం నిల్వ చేయసాగారు. ఆ ఏడాది చివర్లో దేశమంతా బ్యాంకులు వణికిపోయి నగదుకు బదులు కాగితాలు ఇస్తున్న వేళ, ఆయన బంగారు నాణేలను అందరికీ కనిపించేలా పేర్చి అడిగినవాళ్ళకు లెక్కపెట్టి ఇచ్చారు. అడగడానికి వచ్చినవాళ్ళు వాటిని చూసి స్థిమితపడ్డారు.

ఒక ఊరిలోని బ్యాంకు ఒక ఊరితోనే మునుగుతుంది. పలు ఊళ్ళలో శాఖలుంటే ఒకచోట దెబ్బ తగిలినా ఇంకోచోటు ఆదుకుంటుంది. ఈ ఆలోచనతో 1909లో తాను పుట్టిన శాన్ హోసేలో, నగరం వెలుపల తొలి శాఖ పెట్టారు. 1926లో కట్టిన బ్యాంక్ ఆఫ్ ఇటలీ భవనం ఇప్పటికీ శాన్ హోసే డౌన్‌టౌన్‌లో నిలిచి ఉంది, అటు వెళ్ళినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. శాఖల్లో ఆయా పేటల భాషలు మాట్లాడే ఉద్యోగులను పెట్టారు. పోర్చుగీసు పాడిరైతు తన భాషలోనే అప్పు అడగవచ్చు, రష్యన్ వలసదారు తన భాషలోనే లెక్క అడగవచ్చు. 1921లో మహిళల కోసం మహిళలే నడిపే విభాగం తెరిచారు.

1930లో ఆ బ్యాంకు పేరు బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది. అదే కాలంలో జియానిని పక్కకు తప్పుకుని వేరేవారి చేతిలో పెడితే, వాళ్ళు సంస్థను ముక్కలుగా అమ్మజూపారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి మళ్ళీ ఊరూరా తిరిగి, చిన్న వాటాదార్లను కూడగట్టి, 1932 ఫిబ్రవరిలో ఓటింగులో గెలిచి తన బ్యాంకును తిరిగి చేతిలోకి తీసుకున్నారు. ఆయనకు ఓటేసినవాళ్ళలో పీపాల రోజులు ఎరిగినవాళ్ళు ఎందరో!

ఆ సంవత్సరమే గోల్డెన్ గేట్ వంతెన కట్టడానికి తలపెట్టిన మూడున్నర కోట్ల డాలర్ల బాండ్లు మార్కెట్లో అమ్ముడుపోక ఆగిపోయి ఉంటే, జియానిని బ్యాంకు ముందుకొచ్చింది. 1933 జనవరిలో పని మొదలై, 1937 మేలో వంతెన తెరుచుకుంది. మనం ఇండియా నుంచి చుట్టాలొస్తే మొట్టమొదట తీసుకెళ్ళి ఫోటోలు తీసే ఆ ఎర్ర వంతెనలో కూడా ఆ చెక్క ముక్క ఉందన్నమాట. వాల్ట్ డిస్నీ తీసిన స్నో వైట్ చిత్రానికి అప్పిచ్చింది కూడా ఈ బ్యాంకే. 1945 నాటికి బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్రపంచంలోకెల్లా పెద్ద బ్యాంకు అయింది.

వెలుగుతోపాటు నీడ

జియానినిని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. బ్యాంకు పెరిగినకొద్దీ చిన్న బ్యాంకులను మింగేస్తోందన్న విమర్శలు వచ్చాయి. ఆయన హోల్డింగు కంపెనీ ట్రాన్స్‌అమెరికా మీద 1948లో ఫెడరల్ రిజర్వ్ గుత్తాధిపత్యం ఆరోపణలతో చర్య మొదలుపెట్టింది. 1930ల మాంద్యంలో అప్పు తీర్చలేని కాలిఫోర్నియా రైతుల పొలాలెన్నో ఆ సంస్థల స్వాధీనమయ్యాయి. రైతుబిడ్డ పెట్టిన బ్యాంకు రైతు పొలం తీసుకోవడం చూడటానికి బాధాకరమే. పీపాల దగ్గర కూర్చున్న మనిషికి ఎదుటివాడి మొహం కనిపించేది. వందల శాఖల బ్యాంకుకు అది కనిపించదు. మొహం చూసి ఇచ్చే అప్పుకు బలమూ అదే, పరిమితీ అదే.

అయినా ఒక్క విషయంలో ఆయన చివరిదాకా మారలేదు. ఆస్తి పెరిగితే అది మనిషిని తన స్వాధీనం చేసుకుంటుందని ఆయన నమ్మకం. 1928 ప్రాంతంలో తనకు రావలసిన సుమారు 15 లక్షల డాలర్లను తీసుకోకుండా, వ్యవసాయ ఆర్థికశాస్త్ర పరిశోధన కోసం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఇప్పించారు. బర్క్‌లీలోని జియానిని హాల్ ఆ డబ్బుతో కట్టినదే. 1949 జూన్ 3న శాన్ మాటియోలో, ఒకప్పుడు బంగారం దాచిన ఆ ఊళ్ళోనే, కన్నుమూశారు. అప్పటికి బ్యాంకుకు ఐదువందలకు పైగా శాఖలున్నాయి. ఆయన వదిలిన సొంత ఆస్తి మాత్రం ఐదు లక్షల డాలర్ల లోపే.

మన నేల కింద

బే ఏరియాలో ఉండే మనం రోజూ ఆ చీలికల మీదుగానే ఆఫీసుకు వెళ్ళివస్తుంటాం. 1989 అక్టోబర్‌లో లోమా ప్రియేటా భూకంపం వచ్చి 63 మంది చనిపోయిన రోజును ఇక్కడి పాతకాపులు ఇంకా తలుచుకుంటారు. మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు నేల కదలక తప్పదు. నీళ్ళ సీసాలు, టార్చిలైటు, మందుల పెట్టె సిద్ధంగా ఉంచుకోమని అందరూ చెబుతారు. తప్పకుండా ఉంచుకోవలసిందే.

వాటితోపాటు ఇంకొకటి కూడా పోగుచేసుకోవాలని జియానిని కథ చదివాక నాకనిపించింది. ఆపద వచ్చిన రోజున మన మొహం ఎరిగినవాళ్ళు మన వీధిలో ఎంతమంది ఉన్నారు? మనం ఎంతమంది మొహాలు ఎరుగుదుం? పక్కింటి పెద్దావిడ ఒంటరిగా ఉంటుందని తెలుసా? ఎదురింట్లో కొత్తగా దిగిన కుర్రవాడికి ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారో లేదో తెలుసా? ఆ లెక్కలు భూకంపం వచ్చాక మొదలుపెడితే కుదరదు. జియానిని కూడా ఏప్రిల్ 18న మొదలుపెట్టలేదు, పదిహేనేళ్ళ వయసులో మండీ దగ్గర మొదలుపెట్టారు.

సంఘంలో ఎవరికైనా ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మనం చందాలు పోగుచేస్తుంటాం. మంచి పనే. దానితో ఆగకుండా ఆ మనిషి మళ్ళీ నిలబడే పనిలో సగం భారం మోయగలమేమో చూద్దాం. రెజ్యూమె చేతిలోకి తీసుకుని నలుగురికి పంపడం, ఒక నెల అద్దె సర్దడం, వారానికి రెండు రోజులు పిల్లలను బడి నుంచి తీసుకురావడం. మిగతా సగం వాళ్ళే చూసుకుంటారు. చూసుకోగలరని మనం నమ్ముతున్నామన్న సంగతి వాళ్ళకు తెలిస్తే చాలు.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ రేవు రూపం ఏనాడో మారిపోయింది. ఆ పీపాలూ లేవు, ఆ చెక్కా లేదు. వాటి మీద అప్పు తీసుకున్నవాళ్ళు కట్టుకున్న నార్త్ బీచ్ మాత్రం ఉంది. ఈసారి అక్కడికి కాఫీకి వెళ్ళినప్పుడు, ఆ వీధుల్లోని పాత ఇళ్ళను కొంచెం తీరిగ్గా చూడండి.